సైన్సు కబుర్లు: ఆల్చిప్పల ఆయాసం

మన విందుల్లో గ్రీన్ టీ, యాంటీ ఆక్సిడెంట్ అనే మాటలు వినపడకుండా పూట గడవదు. నిజానికి వాటి అవసరం మనకంటే శాన్‌ఫ్రాన్సిస్కో తీరాన రాళ్ళను కరచుకుని బతికే మసెల్స్‌కే ఎక్కువ. మనవైపు సున్నం కాల్చే గుల్లలకూ, ఆల్చిప్పలకూ ఇవి దాయాదులే.

మసెల్ పారిపోలేదు. గంటకు లీటరుకు పైగా నీటిని మొప్పల గుండా వడగట్టి ఆహారం ఏరుకుంటుంది. రాగి, కాడ్మియం, ఓడల చమురు కూడా ఆ నీటితోనే ఒంట్లో చేరతాయి. అందుకే 1975లో స్క్రిప్స్ సంస్థ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ వీటినే తీరానికి కాపలా పెట్టమన్నారు. 1986లో అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా 'మసెల్ వాచ్' మొదలుపెట్టింది.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? ఊపిరి తీసే ప్రతి ప్రాణి కణాల్లోనూ కాస్త ఆక్సిజన్ దారి తప్పి సూపర్ ఆక్సైడ్‌గా మారుతుంది. ఒక ఎంజైము దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడు చేస్తుంది. కాటలేజ్ అనే మరొకటి ఆ పెరాక్సైడును నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది. రాగి ఎక్కువగా చేరిందా, అదే పెరాక్సైడు నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దాన్ని అణచే ఎంజైమే లేదు! కాడ్మియం ఇంకో రకం దొంగ. తాను నిప్పు పెట్టదు, నిప్పార్పే గ్లూటాథయోన్‌ను పట్టుకుపోతుంది. చివరికి కణాల పొరల్లోని కొవ్వు, డబ్బా అడుగున మిగిలిన పాత నూనెలా చెడిపోతుంది. అలా చెడినప్పుడు పుట్టే మాలోన్‌డైఆల్డిహైడ్‌ను మరో రసాయనంతో కలిపి వేడిచేస్తే గులాబి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే దెబ్బ అంత గట్టిది.

ఇక్కడే తిరకాసు. కాలుష్యం కొద్దిగా ఉంటే ఎంజైములు పెరుగుతాయి, మరీ ఎక్కువైతే చతికిలబడతాయి. కాబట్టి తక్కువ అంకె చూసి సంతోషించలేం. పైగా ఎండ వేడి, గుడ్లు పెట్టే కాలం, ఆటుకు నీరు దిగి గాలిలో ఉండిపోవడం, ఇవి కూడా అవే గుర్తులు చూపిస్తాయి. శుభ్రమైన చోటి మసెల్స్‌తో పోల్చి చూడందే ఏ ఫ్యాక్టరీనీ దోషి అనకూడదని నా అభిప్రాయం. అలాగని "చావలేదు కదా" అనే వాదన కూడా ఒప్పుకోను. ఉన్న శక్తంతా మరమ్మతుకే ఖర్చయితే ఎదుగుదలకూ, సంతానానికీ ఏం మిగులుతుంది?

"మరి తినవచ్చా?" అంటారా, కొట్లో అమ్మేవి పరీక్షించిన నీళ్ళలోంచి వచ్చినవి. ఒడ్డున సొంతంగా ఏరుకునేవాటితోనే చిక్కు. ఎంత ఉడికించినా లోహం పోదు. కాలిఫోర్నియాలో మామూలుగా ఏటా మే 1 నుంచి అక్టోబరు 31 వరకు వాటిని ఏరుకుని తినడం నిషేధం కూడా. దానికి కారణం వేరు, కంటికి కనపడని నాచు తయారుచేసే విషం. ఆ సంగతి వచ్చే సంచికలో.