అటవీ రక్షకుల శిక్షణ: పొలిమేర రైతుల మాట

అడవి నంటియున్న గ్రామములలో సేద్యము చేయు సభ్యులకు సర్కారు ఉద్యోగులలో తరచుగా కనబడువాడు తహసీలుదారు కాడు, వ్యవసాయాధికారి కాడు. అటవీశాఖ బీటు అధికారి. పేరు మారినను జనులు నేటికి నతనిని గార్డనియే పిలుచుచున్నారు. పంది చేను త్రొక్కినను, పశువు రిజర్వులో దూరినను, పోడు హద్దుపై తగవు పుట్టినను ముందుగా వచ్చువా డతడే. కావున అతనికేమి నేర్పుచున్నారో విచారించుట మనకు పరాయి పని కాదు.

2022వ సంవత్సరము నవంబరు 22వ తేదీన చంద్రుగొండ మండలములో, పోడు భూమిలో శాఖవారు నాటిన మొక్కల విషయమై జరిగిన తగవులో రేంజరు చలమల శ్రీనివాసరావుగారు హతులైరి. మరుసటి సంవత్సరము న్యాయస్థాన మిద్దరికి యావజ్జీవ కారాగారశిక్ష విధించినది. ఆ దారుణమును సమర్థించువా రెవ్వరును లేరు. పిమ్మట అటవీ ఉద్యోగులకు ఆయుధము లియ్యవలెనను కోరిక బలముగా వినవచ్చెను. ఒంటరిగా అడవిలో తిరుగువానికి ప్రాణరక్షణ కావలసినదే; దానికి మేమడ్డు చెప్పము. కాని తుపాకి చేతికిచ్చుటయే శిక్షణ యనుకొనరాదు. కలపదొంగకును వేటగానికిని అది జవాబు కావచ్చును. ఏటేట దున్నిన నేల తనదో సర్కారుదో తేలక కత్తిపట్టి నిలుచు కుటుంబమునకు అది జవాబు కానేరదు.

హైదరాబాదు చెంత దూలపల్లిలోని అటవీ అకాడమీలో చెట్ల పెంపకము, సర్వే, చట్టము, కవాతు మున్నగునవి నేర్పుదురు. అన్నియు నవసరమే. ఐతే ఈ సీమలో పనిచేయువానికి కోయభాష కొంతయైన రావలెను గదా! ఛత్తీసుగఢ్‌లోని హింసకు వెరచి 2005 తరువాత అనేకముగా తరలివచ్చిన గుత్తికోయ కుటుంబములకు తెలుగు సరిగా రాదు. మాట తెలియనివాడు చేయెత్తి చూపినను బెదిరింపుగానే తోచును. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము 2005 డిసెంబరు 13కు ముందునుండి స్వాధీనములో నున్న గిరిజనుల సాగునకు హక్కు కలదు; దానిని తొలుత విచారించునది గ్రామసభ. 2023లో తెలంగాణమున సుమారు 1,51,000 మందికి 4,06,000 ఎకరములకు పట్టాలు పంచిరి. ఏ తునక పట్టాలో చేరినదో, ఏది చేరలేదో పటము పరచి గ్రామస్థులకు చూపగల నేర్పు బీటు అధికారికి లేనిచో ఆ కాగితములే క్రొత్త తగవులకు విత్తనములగును.

ఇక మన తట్టు దోషమును చెప్పవలెను. పందుల బాధ పడలేక కొందరు చేని చుట్టు కరెంటు తీగ లాగుచున్నారు. పంట పోయిన రైతు కడుపుమంట మే మెరుగనిది కాదు. ఐనను ఆ తీగకు పంది యనియు, దుప్పి యనియు, పొరుగువాని ఎద్దనియు, రాత్రి నీరు పెట్టబోయిన కన్నకొడుకనియు భేదము లేదు. గస్తీ తిరుగు గార్డు చీకటిలో ముందుగా తగులునదియు దానికే. 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యము 635 చదరపు కిలోమీటరులు. దాని అంచుననున్న ప్రతి పల్లెలోను ఈ అపాయ మున్నది. తీగను కనిపెట్టుట, కరెంటు ఆపించుట గార్డులకు నేర్పవలసినదే. అంతకన్న ముఖ్యముగా పంటనష్టమును లెక్కగట్టుట నేర్పవలెను. అడవిజంతువుల వలని నష్టమునకు పరిహారమిచ్చు ఏర్పాటు కలదు. కాని త్రొక్కిన మొక్కజొన్న ఎంత, తిన్నదెంత యని సకాలమున వ్రాయువాడు లేనిచో చేను మరల దున్నిన పిదప సాక్ష్యమెక్కడిది? పరిహారము చేతికందిన రైతు తీగ చుట్టిపెట్టును. అందనివానికి ఎన్ని చట్టములు చదివి వినిపించినను చెవి కెక్కవు.

వేసవి మంటల విషయములో మాత్రము గురువులు పల్లెలోనే యున్నారు. ఇప్పపూవు ఏరుటకు చెట్టుక్రింది ఆకు కాల్చువారే ఆ మంట ఏ గాలికి ఎటు పాకునో బాగుగా నెరుగుదురు. తునికాకు కోయువారును అట్టివారే. వీరిని నేరస్థులుగా చూచుటకు మారు, వీరివెంట రెండు వేసవులు నడచిన గార్డు అకాడమీ పుస్తకమున లేనిది నేర్చుకొనును. మరియొక చిక్కు. 2014లో కూనవరము, చింతూరు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమున కలిసినవి. అప్పటినుండి భద్రాచలము చుట్టుపట్ల అడవి రెండు రాష్ట్రముల పాలైనది. ఈ గట్టున ఉచ్చుపన్ని ఆ గట్టున దాగువానిని పట్టుటకు ఇరుశాఖలవారికి ఒక్కచోట శిక్షణ యేల యియ్యరాదు?

సంఘములు చేయదగిన పని యొకటి కలదు. తొలకరికి ముందు విత్తనములకును అప్పులకును సభ్యులందరు సంఘ కార్యాలయమునకు వచ్చుచునే యుందురు. ఆ దినములలో నొకదినము క్రొత్త బీటు అధికారులను పిలిచి, పట్టా పటములను, నష్టపు దరఖాస్తులను సభ్యుల ముందే చదివించవలెను. కోయ పెద్దలను తప్పక పిలువవలెను. దీనికి సంఘమునకు పడు ఖర్చు తేనీటి ఖర్చే. రానున్న మహాజనసభలో ఈ మేరకు తీర్మానించి, నకలు కొత్తగూడెమునందలి జిల్లా అటవీ కార్యాలయమునకు పంపవలసినదిగా అధ్యక్షులను కోరుచున్నాము.