రెడ్ ఫ్లాగ్ రోజున నిప్పు ముట్టించవద్దు: మైదాన రాష్ట్రాల తెలుగువారికి విజ్ఞప్తి

నిప్పు భయం అనగానే మనకు రోహిణి కార్తె ఎండలు, పూరిళ్లూ గడ్డివాములూ తగలబడే మే నెల గుర్తొస్తాయి. అమెరికా మైదానాల్లో ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ చలి ఇంకా పూర్తిగా పోని ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా గడ్డి మంటల ముప్పు బాగా ఎక్కువ. అందుకే టెక్సాస్, ఓక్లహోమా, కాన్సస్, కొలరాడోలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలనూ, ఇక్కడ చదువుకుంటున్న విద్యార్థులనూ ఒక్కటే కోరుతున్నాను. నేషనల్ వెదర్ సర్వీస్ రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ (అగ్ని వాతావరణ హెచ్చరిక) ఇచ్చిన రోజున మన ఇంటి పనులనూ వేడుకలనూ దానికి తగ్గట్టు మార్చుకుందాం. పొగ కనిపించేదాకా ఆగవద్దు.

ముప్పు వసంతంలోనే ఎందుకంటే, శీతాకాలపు మంచుకు గడ్డి చచ్చి ఎండిపోతుంది. కొత్త పచ్చిక లేచేదాకా మైళ్ల కొద్దీ నేల మీద మిగిలేది ఆ ఎండుగడ్డే. ముందటి వేసవిలో వానలు బాగా పడితే భయం లేదనుకుంటాం గానీ, ఆ వానలకు ఏపుగా పెరిగిన గడ్డే మరుసటి వసంతంలో మంటకు మేత అవుతుంది. నిన్ననే చినుకులు పడ్డాయన్న ధీమా కూడా నిలవదు. చెట్టు మొద్దు ఆరడానికి వారాలు పడితే, సన్నని గడ్డిపరక ఎండా గాలీ తగిలిన కొద్ది గంటల్లోనే ఆరిపోతుంది. దీనికి పడమటి ఎడారుల మీదుగా వచ్చే పొడిగాలి తోడవుతుంది. ఆ వెనకే ఉత్తరం నుంచి చలిగాలి దిగితే గాలి దిక్కు మారి, అప్పటిదాకా సన్నగా పొడవుగా సాగిన మంట పక్క అంచంతా ఒక్కసారిగా ముందుకు కదులుతుంది. 2024 ఫిబ్రవరి 26న టెక్సాస్ పాన్‌హ్యాండిల్‌లో రాజుకున్న స్మోక్‌హౌస్ క్రీక్ మంట 10 లక్షల ఎకరాలు దాటి, ఆ రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్దదైంది. ఇద్దరు చనిపోయారు, వేలాది పశువులు మాడిపోయాయి. 2006 మార్చిలో అదే ప్రాంతంలో, అమరిల్లోకు తూర్పున చెలరేగిన మంటలు 12 మందిని బలిగొన్నాయి.

ఇవన్నీ పశువుల రాంచ్‌ల సంగతులు, మేముండేది పట్నంలో అని మీరు అనవచ్చు. కానీ 2021 డిసెంబర్ 30న కొలరాడోలోని బోల్డర్ కౌంటీలో గడ్డిలో పుట్టిన మంట పెనుగాలికి సుపీరియర్, లూయిస్‌విల్ పట్టణాల్లోకి దూసుకెళ్లి వెయ్యికి పైగా ఇళ్లను కాల్చేసింది. అవి మనవాళ్లు కొనుక్కునేలాంటి శివారు ఇళ్లే. 2025 మార్చి 14న ఓక్లహోమాలో ఒక్కరోజే వందకు పైగా మంటలు లేచాయి. రాష్ట్రమంతటా వందల ఇళ్లు పోయాయి, వాటిలో యూనివర్సిటీ పట్టణం స్టిల్‌వాటర్‌లోనివి కూడా ఉన్నాయి. అలాంటి గాలిలో నిప్పురవ్వలు రోడ్లు దాటి ఎగురుతాయి. ఇంటి చూరు గటర్‌లో పేరుకున్న ఎండుటాకులో, చెక్క కంచెలో పడితే చాలు. అన్ని చోట్లా ఒకేసారి మంటలు లేచినప్పుడు మన వీధికి ఫైర్ ఇంజన్ వెంటనే రాకపోవచ్చు.

పెద్ద మంటలు కరెంటు తీగల వల్ల పుడుతున్నాయి, మన జాగ్రత్త ఏపాటిది అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. 2024 నాటి మంటకు కారణం విద్యుత్ లైనే. తీగలను, స్తంభాలను బాగుచేయమని మనం గట్టిగా అడగాలి. అయితే టెక్సాస్ ఏ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్ చెబుతున్నదాని ప్రకారం ప్రతి పది మంటల్లో తొమ్మిది మనుషుల చేతల వల్ల పుట్టేవే. 2022 జూలైలో డాలస్ పక్కనున్న బాల్చ్ స్ప్రింగ్స్‌లో గడ్డి కోసే యంత్రం నుంచి లేచిన రవ్వ ఇరవైకి పైగా ఇళ్లకు నష్టం తెచ్చింది. కాన్సస్ ఫ్లింట్ హిల్స్‌లో రైతులే ఏటా వసంతంలో గడ్డి తగలబెడతారు కదా అంటే, వాళ్లు గాలి నెమ్మదించిన రోజు చూసుకుని, మంట దాటకుండా కాపు గీతలు తీసి, నీళ్ల ట్యాంకులు పెట్టుకుని, కౌంటీకి చెప్పి మరీ ఆ పని చేస్తారు. గాలి రోజున బ్యాక్‌యార్డ్‌లో బొగ్గుల పొయ్యి వెలిగించడం అలాంటిది కాదు.

ఇక చాలామంది మనసులో ఉన్న మాట, వార్నింగులు తరచూ వస్తాయి, ఏమీ జరగదు అన్నది. ఆ హెచ్చరిక మంట పుడుతుందని చెప్పే జోస్యం కాదు. నిప్పు పడితే అదుపు చేయడం కష్టమని చెబుతుంది. ఏమీ జరగకుండా ఆ రోజు గడిచిందంటే, ఎవరూ రవ్వ రాల్చకపోవడం కూడా దానికి ఒక కారణం. పైగా టోర్నడో హెచ్చరికకు దొరికేది నిమిషాల వ్యవధి. అగ్ని వాతావరణం గురించి చాలాసార్లు ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది. అంత వ్యవధి చేతిలో ఉండగా వాడుకోకపోవడం మన తప్పే అవుతుంది.

కాబట్టి ఆ రోజున గడ్డి కోయవద్దు. ఆరుబయట గ్రిల్ వెలిగించవద్దు, ఎండుగడ్డి మీద కారు ఆపవద్దు, ట్రైలర్ గొలుసు రోడ్డుకు రాసుకోకుండా చూసుకోండి. ఫాల్గుణ పున్నమి నాటి కామదహనం సరిగ్గా ఈ గాలుల కాలంలోనే వస్తుంది. గుడి కమిటీలు, తెలుగు సంఘాలు ముందుగా కౌంటీ బర్న్ బ్యాన్ (ఆరుబయట నిప్పు పెట్టడంపై నిషేధం) ఉందేమో చూసుకుని, గాలి రోజైతే ఆ మంటనూ ఆరుబయటి హోమాన్నీ వాయిదా వేయాలని కోరుతున్నాను. అగ్నిని పూజించే మనం అది హద్దు దాటకుండా చూడటం కూడా ఆ పూజలో భాగమే. ఇండియా నుంచి వచ్చి ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకు, అత్తమామలకు ఇంగ్లీషు హెచ్చరిక అర్థం కాకపోవచ్చు. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ దారిన బయటపడాలో వాళ్లకు తెలుగులో చెప్పి ఉంచండి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఇన్సూరెన్స్ పత్రాలు ఒకే సంచిలో పెట్టండి. మీ కౌంటీ అలర్టులకు ఈ వారమే పేరు నమోదు చేసుకుని, పక్కింటివారి చేత కూడా చేయించండి.