పొత్తము మూసిన వేళ

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరునుండి ప్రత్తిపాడు మీదుగా పోవువారికి, బాటకిరువైపుల కల్లములలో ఆరబోసిన మిరపకాయలు ఎఱ్ఱని జంబుఖానాలు పరచినట్లు కన్పట్టును. అట్టి కల్లమొకదానిలో తాలుకాయలను ఏరుచు నా చిన్ననాటి మిత్రుడొకడు తన బాధ చెప్పుకొనెను. అతని కుమార్తె బాపట్ల వ్యవసాయ కళాశాలలో పట్టము పుచ్చుకొని, అచ్చటనే పై పట్టమునకు చదువుచున్నది. ప్రత్తిపంట ఆమె పరిశోధనకు విషయము.

"ఏమోయ్ పంతులూ! రాత్రి తొమ్మిది దాటగనే అది పుస్తకము మూసి తకిలీ త్రిప్పుచు కూర్చుండునట. ఆదివారము వచ్చినచో తోడిపిల్లలను పోగుచేసి పాటలట, మిరపకాయ బజ్జీలట! టిక్కీలమ్మి నేను పంపు రూకలు ఇందులకేనా?" అని అడిగెను.

అతని మాటలో న్యాయము లేకపోలేదు. మిరప పండించుట జూదమువంటిది. ఎరువునకు, మందునకు, కోతకూలికి అప్పు తెచ్చిన రైతు, కాయను యార్డునకు తోలినపిమ్మటగాని తన సంవత్సరపు కష్టమునకు వెల యెంతయో ఎరుగడు. అట్టి సొమ్ముతో చదువు బిడ్డ ప్రతి గడియను చదువునకే వెచ్చింపవలెనని తండ్రి కోరుట సహజము. అయినను నేనతని పక్షము వహింపజాలకపోతిని. ఏల వహింపజాలకపోతినో మీకును చెప్పెదను.

బాలబాలికలారా! ఆ అమ్మాయి చదువుచున్న బాపట్లలోనే, నూరేండ్లకు పూర్వము దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అను బాలుడు చదివెను. ఆయన 1889లో జన్మించెను. ఆటపాటలపై మోజుచేత ఒకసారి తరగతి తప్పెనని చెప్పుదురు. బాపట్లలో చదువుకొను రోజులలోనే తోడివారిని కూర్చుకొని జాతీయ నాట్యమండలిని నెలకొల్పి, పాటకచేరీలు, నాటకములు నడిపెను. కొంతకాలము తాలూకా కచేరీలో కొలువు చేసెను గాని, ఆ దస్త్రములలో ఆయన మనస్సు నిలువలేదు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారితో కలిసి, ఆయన ధనసహాయముతోనే, స్కాట్లండు దేశమందలి ఎడింబరో విశ్వవిద్యాలయమునకేగి ఎం.ఏ. పట్టమందెను.

ఎడింబరో పరీక్షలలో అభినయమునకు మార్కులు లేవు. అయినను బాపట్లలో అంటుకొన్న నాట్యాభిరుచి సముద్రము దాటినను ఆయనను విడువలేదు. నందికేశ్వరుని అభినయదర్పణమును ఆనంద కుమారస్వామిగారితో కలిసి ఆయన ఆంగ్లమున కనువదించెను. ఆ గ్రంథమును 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము వెలువరించెను. శిరస్సును తొమ్మిది విధముల కదల్చుటయు, ఒంటిచేత పట్టు 28 హస్తములును అందు వర్ణింపబడినవి. కూచిపూడి భాగవతులు తరతరములుగా దేహముతో నేర్చుకొనుచున్న విద్యకు సంబంధించిన శాస్త్రమును పడమటి దేశములవారు తమ భాషలో చదువగలిగిరన్నచో, తరగతి తప్పిన ఆ బాపట్ల విద్యార్థికి అందు పాలు గలదు.

ఈ కుమారస్వామిగారి కథయు వినదగినదే. సింహళమున జన్మించిన ఆయన లండనులో భూగర్భశాస్త్రము చదివి, ఆ శాస్త్రముననే డాక్టరు పట్టమందెను. ఖనిజములను పరిశీలించు ఉద్యోగముపై సింహళ గ్రామములు తిరుగుచు, రాళ్లు చూడబోయి, అచ్చటి లోహకారుల, వడ్రంగుల, నేతగాండ్ర పనితనమును చూచి ముగ్ధుడయ్యెను. ఆ చేతిపనులపై 1908లో ఒక మహాగ్రంథమునే వెలయించెను. నేడు లోకమాయనను కళామర్మజ్ఞుడనియే ఎరుగును. రాళ్ల సంగతి ఎరిగినవారు తక్కువ.

స్వదేశమునకు వచ్చిన పిదప గోపాలకృష్ణయ్యగారు రాజమహేంద్రవరమునందును, బందరునందును ఉపాధ్యాయత్వము చేసెను గాని, పైవారితో పొసగక రెండును విడిచెను. అటులైనను 1921లో చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నులు భరింపలేమని, దాదాపు 13,000 మంది ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు నెలలు నివసించినపుడు, వారిని నడిపినవాడు ఆయనయే. ఆయన కూర్చిన రామదండు కట్టుబాటునకు పేరుగన్నది. అన్ని వేలమందిని ఒక్కమాటపై నిలుపుటకు తర్కము మాత్రమే చాలునా? వేదికపై పాడుటకు అలవడిన గొంతు, జనుల ముఖములనుబట్టి వారి మనస్సును గ్రహించు నటుని చూపు, అచ్చట ఆయనకు తోడ్పడినవని నా నమ్మకము.

ఇట్లు చెప్పితినని, వినోదము పిదప కీర్తిగా మారిననే మంచిదని నా అభిప్రాయమని తలపకుడు. అట్లయినచో మిత్రునివలె నేనును లెక్కలు చూచుచున్నట్లే. అదిగాక, గోపాలకృష్ణయ్యగారివలె మీరును తరగతి తప్పుడని నేననను. తప్పినవారందరు గోపాలకృష్ణయ్యలు కాలేదు.

నాకిట్లు తోచుటకు కారణమొకటి కలదు. చెప్పుటకు సిగ్గగుచున్నది. 1994లో నేనొక పల్లెటూరి పాఠశాలలో తెలుగు పండితుడనుగా ఉంటిని. పదవతరగతి బాలుడొకడు విరామవేళలందు చింతచెట్టుక్రింద పిల్లనగ్రోవి ఊదెడివాడు. పరీక్షలు సమీపించుచున్నవని నేను దానిని లాగికొని బీరువాలో పెట్టి తాళము వేసితిని. తిరిగి ఇమ్మని వాడడుగలేదు. ఇయ్యవలెనని నాకును తోచలేదు. వాడుత్తీర్ణుడై పెద్ద ఉద్యోగి అయ్యెను. చాల యేండ్లకు ఒక పెండ్లిలో కనబడి పాదములకు మ్రొక్కెను. "ఇంకను ఊదుచున్నావా?" అని అడిగితిని. "లేదండీ, ఆనాటినుండి మానివేసితిని" అని నవ్వెను. ఆ నవ్వులో నిష్ఠురము లేదు. ఉన్నచో నాకింత బాధ కలిగెడిది కాదేమో!

కావున మిత్రునితో నేనొక్కటియే అంటిని: "అమ్మాయి చేతిలో తకిలీ ఉన్నంతవరకు నీవు భయపడకుము. దూదిని ఏకుగా చేసి, ఏకునుండి పోగు తీయుటలో వ్రేళ్లు ఏమరినచో పోగు తెగును. తెగినదానిని అతుకవలెను; తొందరపడినచో మరల తెగును. గుడ్డిగా గడియలు మ్రింగు వినోదములు వేరు. చేతిలోని పలకను వ్రేలితో త్రోయుచు అర్ధరాత్రి చేయునట్టివి. వాటికైనచో నేనును నీతో కలిసి కోపగింతును."

బజ్జీల మాట నేనెత్తలేదు. గుంటూరు సీమ బిడ్డలు ఆదివారమునాడు నలుగురు కూర్చుండి బజ్జీలు తినుట కూడ తప్పనువానితో వాదమేల?

అతడు చాలసేపు మాటాడక తాలు ఏరుచుండెను. ప్రొద్దు వాలినది. రాత్రి మంచునకు కాయ మెత్తబడకుండ కుప్పపై పట్టా కప్పుటకు ఇరువురమును లేచితిమి. పట్టా అంచున రాయి పెట్టుచు, "అది వడికిన నూలంతయు ఏమి చేయుచున్నదోయ్?" అని అడిగెను.

నేనెరుగనంటిని. ఆమెనే అడుగుమంటిని.