డ్రమ్ము పొంగింది కదా అని తోటకు పోసేయొద్దు

శిడ్లఘట్ట, చింతామణి, హోసూరు వైపు మల్బరీ తోటలకు జీవామృతం పోసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. గ్రూపులో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: "మూడు రోజులైనా డ్రమ్ము పులియలేదు, దాణాలో కలిపిన మందే కారణమా?"

ముందు కొలతలు చూద్దాం. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను. శనగపిండి రేటు చూసి, ఆవులకు తెచ్చిన దాణాలోంచే రెండు కిలోలు తీసి వేస్తున్నారు. ఆవూ పట్టుపురుగూ ఒకే వాకిట్లో బతికే ఇళ్లు మనవి, అలా అనిపించడం సహజమే.

దాణాకు బూజు పట్టకుండా కలిపేది ఎక్కువగా ప్రొపియానిక్ ఆమ్లం, లేదా కాల్షియం ప్రొపియోనేట్. బ్రెడ్డులో వేసేదీ అదే. తగిన మోతాదులో ఆవుకు హాని లేదు. అది ముఖ్యంగా బూజును ఆపుతుంది, ఈస్టును కొంత మందగింపజేస్తుంది, మజ్జిగను పులిపించే సూక్ష్మజీవులను అంతగా ఆపలేదు. పులుపు పెరిగే కొద్దీ దాని బలం కూడా పెరుగుతుంది. అందుకే మొక్కజొన్న నూక నానేసిన కుడితి కుండ మొదటి రోజు పొంగి, తర్వాత చల్లబడినట్టు కనిపించవచ్చు. నిన్నటి కుడితి ఒక చెంబెడు కలిపితే చాలాసార్లు తేరుకుంటుంది. కానీ 2 కిలోల దాణా 200 లీటర్లలో పడితే ఆ మందు నూరింతలు పలచబడుతుంది. డ్రమ్మును చంపేంత శక్తి దానికి మిగలదు.

మరి డ్రమ్ము ఎందుకు చచ్చింది? మా అనుమానం డ్రమ్ము మీదే. పంట ముగిశాక షెడ్డు కడగడానికి 2 శాతం బ్లీచింగ్ పౌడరు, సున్నం కలిపేది చాలా ఇళ్లలో అదే డ్రమ్ములో. సరిగ్గా కడగకుండా అందులోనే జీవామృతం పెడితే ఏం పులుస్తుంది? పొదుగువాపుకు యాంటీబయాటిక్ సూది వేసిన ఆవు పేడ, తెల్లగా మెరవాలని హైడ్రోస్ వేసిన బెల్లం, మార్గశిరం చలి కూడా కారణాలే. బ్రాయిలర్ కోళ్ల మేత మాత్రం అస్సలు వద్దు. అందులో రక్తపారుడు రాకుండా కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు పులిపించే సూక్ష్మజీవుల మీద కూడా పనిచేస్తాయి.

ఇక "మందు లేని దాణా" అని విడి మొక్కజొన్న తెస్తున్నవాళ్లకు ఒక మాట. తేమ ఆరని గింజకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ పుడుతుంది. పులియబెట్టినంత మాత్రాన అది పోతుందని నమ్మకం లేదు. ఆవు తింటే పాలలోకి దిగుతుంది. పాలలో దానికి ప్రభుత్వం పెట్టిన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములే. బూజు గింజ కంటే ప్రొపియోనేట్ కలిపిన గింజే నయం అని మేము గట్టిగా చెప్తాం.

మేము భయపడేది పులియని డ్రమ్ముకు కాదు, బ్రహ్మాండంగా పొంగిన డ్రమ్ముకు. విత్తగా మిగిలిన హైబ్రిడ్ మొక్కజొన్న, గులాబీ రంగు పూసినది, పారేయడానికి మనసొప్పక కడిగి, మర పట్టించి వేసేవాళ్లు ఉన్నారు. ఆ రంగు కింద థైరమ్ లాంటి బూజు మందు ఉంటుంది, కొన్నింటికి ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ కూడా పట్టిస్తారు. తిండికి, దాణాకు వాడొద్దని సంచి మీదే అచ్చువేసి ఉంటుంది. కడిగితే రంగు కొంత పోతుంది, మందు పూర్తిగా పోదు. ఇమిడాక్లోప్రిడ్ పురుగుల నరాల మీద పనిచేసే మందు, సూక్ష్మజీవులను చంపేది కాదు. అంటే డ్రమ్ము చక్కగా నురగ కడుతుంది, వాసనా బాగుంటుంది. తర్వాత వేరు పీల్చి ఆకుకు చేరుస్తుంది. పట్టుపురుగుకు దాని చుక్క చాలు. నాలుగో జ్వరం లేచిన పురుగులు తల ఊపి, పచ్చనీళ్లు కక్కి, ఒళ్లు ముడుచుకుంటే మనం సప్పె రోగం అనుకుని సున్నం చల్లుతూ కూర్చుంటాం. ఎకరా ఆకు, చాకీ ఖర్చు, ఇంట్లో ఆడవాళ్ల రాత్రి మేల్కొలుపు అన్నీ పోతాయి.

అందుకే తోటకు పోసే డ్రమ్ములోకి మన పొలం ఉలవలో, మనం తినే పప్పో తప్ప వేరే గింజ వద్దంటాం. రెండు కిలోల దగ్గర మిగిలేదెంత? ఇప్పటికే అనుమానం గింజ వేసి ఉంటే తోటంతా పోయకండి. ఒక సాలుకు పోసి, పది పదిహేను రోజులకు ఆ ఆకు ఇరవై పురుగులకు వేరే తట్టలో, షెడ్డుకు దూరంగా వేసి రెండు రోజులు చూడండి. ఆ పురుగులను మళ్లీ మందలో కలపొద్దు.

దాణా అమ్మేవాళ్లు సంచి మీద ప్రోటీను శాతం పెద్దగా రాస్తారు. ఏ నిల్వ మందు కలిపారో, గోదాములో సంచుల మీద ఏం కొట్టారో కూడా రాయాలి. పాల సొసైటీ మీటింగులో మన పట్టు రైతులే ఈ మాట ఎత్తాలి, ఎందుకంటే మోసపోతే పోయేది పాల బిల్లు ఒక్కటే కాదు, గూళ్లు కూడా. మీ అంగడివాళ్లు ఏం జవాబిచ్చారో గ్రూపులో రాయండి. సంచి ఫోటో పెడితే ఇంకా మంచిది, రెండు వైపులా తీయండి.