చెన్నై వెళ్తున్నారా? ముందు నీళ్ళ సంగతి చూసుకోండి

మా వత్సవాయి వైపు కుర్రాళ్ళెవరికైనా చెన్నైలో ఉద్యోగం వచ్చిందంటే, అందరూ తమిళం గురించీ సాంబారు గురించీ భయపెడతారు. అవి రెండూ నెల రోజుల్లో అలవాటైపోతాయండీ. అలవాటు కానివి నీళ్ళు.

ఆఫీసు ఓఎంఆర్ మీద కదా అని వేళచ్చేరిలోనో పెరుంగుడిలోనో ఇల్లు చూస్తాం. పక్కనే పళ్ళికరణై చిత్తడినేల. వాన నీళ్ళు ఆగే ఆ నేలని చాలావరకు పూడ్చి బిల్డింగులు కట్టేశారు. 2015 డిసెంబరులో, మళ్ళీ 2023లో మిగ్‌జాం తుఫానుకి ఆ వైపు వీధులు మునిగాయి. అదే నగరంలో 2019 జూన్‌లో నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోయి, కొన్ని ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పని చెయ్యమన్నాయి.

మునేటి ఒడ్డున ఇల్లు కట్టాలంటే మనవాళ్ళు ముందు వరద ఎంతవరకు వచ్చిందో పెద్దవాళ్ళని అడుగుతారు. అదే మనం చెన్నై వెళ్ళి లిఫ్టుందా, పార్కింగుందా అని అడుగుతాం! నా మాట విని, బ్రోకర్ని కాకుండా పక్కింటివాళ్ళనీ కిరాణా కొట్టాయన్నీ అడగండి. ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్సులో కలిసిందో లేదో కూడా కనుక్కోండి.

తమిళం రాకపోయినా రెండు ముక్కలు చాలు: "తణ్ణి వరుమా?" నీళ్ళొస్తాయా అని. డిసెంబర్లో రావు, మేలో వస్తాయి అంటేనే అడ్వాన్సు ఇవ్వండి.