కంచలు చెడిన చెఱువు నిండునా?

2025 ఏప్రిలులో కంచ గచ్చిబౌలియందలి 400 ఎకరములలో చెట్లు కొట్టుట నిలిపివేయవలసినదని సుప్రీంకోర్టు ఉత్తరువు చేసినప్పుడు, నగరవాసులలో ననేకులు ‘కంచ’ యను మాటను తొలుత వినియుందురు. పల్లెవారి కది క్రొత్తది కాదు. పశువుల మేఁతకై విడిచియుంచిన గడ్డిబీడునకును, దాని నాశ్రయించిన పొదలకును తెలంగాణమున నదియే పేరు. నగరము తన యంచునఁగల యొక కంచకై మేల్కొన్నందులకు సంతసించుచున్నాము. ఇబ్రహీంపట్నము చుట్టునున్న కంచల మాట యెవ్వరు తలఁచుచున్నారు?

తెలుఁగు కవులు మల్కిభరాముఁడని పొగడిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా (1550–1580) నాఁటి పెద్దచెఱువు ఇచటిది. 2022 వర్షములకు దశాబ్దముల తరువాత నది యలుఁగు పాఱినది. చెఱువు అలుఁగు పాఱుట వార్త యగుటయే దాని దుస్థితికి సాక్ష్యము. షాబాదు వైపునుండి దీనికి నీరు తెచ్చుటకై నిజాముల కాలమునఁ ద్రవ్వించిన ఫిరంగి నాలా పెక్కుచోటుల నాక్రమణముల పాలైనది. వాన మాత్రము మనలను విడిచిపోలేదు. ఈ సీమలో నేఁటికిని సగటున నించుమించు 700 మిల్లీమీటర్లు కురియుచున్నది.

ఇచటి నేల యెక్కువగా రాతిపైఁ బఱచుకొన్న పలుచని యెఱ్ఱచల్క. గడ్డి కప్పియున్నంతకాలము చినుకు ఆకుపైఁ బడి, మెల్లగా జాఱి, వేళ్లవెంట నింకును. గడ్డి పోయినచో నదే చినుకు మట్టిని చెదరఁగొట్టును. సన్నని బంకమన్ను రంధ్రములను మూసి అట్టు కట్టును. తరువాతి వాన అచట నిలువక మన్నుతోఁ గూడి చెఱువుఁ జేరును. అంతట పూడిక నిండెనని మొఱపెట్టుకొందుము. 2015లో మొదలిడిన మిషన్ కాకతీయలో పూడిక తీసిరి, మంచిదే. పూడిక పుట్టుచోటు ఎగువనున్నది.

కంచ యొక్కనాఁట చెడదు. పశువులు తొలుత రుచిగల గడ్డిని మేయును. విత్తు రాలకముందే మేసినచో కొన్నేండ్లలో నది కనుమఱుగగును. పిదప బలుసు, రేగు కొమ్మలను మేఁకలు చిదుమును. తుదకు పశువు ముట్టని తంగేడు మిగులును. బతుకమ్మకు శోభయైన యా పూవు, రాష్ట్రపుష్పము, మాకును ప్రీతికరమే. కాని తంగేడు తప్ప మఱేమియు లేని కంచ యెంత పసుపుగా మెఱసినను బడలిన కంచయే. దాని వెనుకనే వయ్యారిభామ వచ్చును.

ఇచ్చట నాయకట్టు రైతు ఒక ప్రశ్న వేయును: గడ్డియు కందకములును నీటిని పైననే పట్టియుంచినచో చెఱువునకు మిగులున దేమి? ఇది త్రోసివేయఁదగిన ప్రశ్న కాదు. పచ్చదనమంతయు నీటిని తెచ్చునని చెప్పువారు ప్రజలను మభ్యపెట్టుచున్నారు. ప్రతి మొక్కయు నీరు త్రాగును. లోఁతు వేళ్ల నీలగిరి మఱింత త్రాగును. 1877లో కడప సీమలోని కమలాపురమున నాటఁబడి, నేఁడు చెఱువు శిఖములను గప్పివేయుచున్న సర్కారుతుమ్మయు నట్టిదే. గడ్డి వేళ్లు అంత లోఁతు పోవు. వానలు తీఱి కొంతకాలమునకు గడ్డి యెండి నీటి నడుగుట మానును. ఎగువ నింకిన నీరు వాగులలో నూటగా వెలువడవలసియుండఁగా బోరుబావులు తోడివేయుచున్నవి. నింద గడ్డిపై వేయుట న్యాయము కాదు. కావున కంచకు గడ్డియు పొదలును, పొలముగట్లకు కానుగయు వేపయు తగునని మా యభిప్రాయము. 2015 నుండి సాగిన హరితహారమున మొక్కల లెక్కకుఁ గలిగిన గౌరవము చోటునకు దక్కలేదు. మంచి గడ్డిబీడును గుంతలు త్రవ్వి నాటిన మొక్క బ్రదికినను నష్టమే.

1992 నాఁటి 73వ రాజ్యాంగ సవరణము పరీవాహకాభివృద్ధిని, సామాజిక వనములను పంచాయతీల విషయములలోఁ జేర్చినది. 1994లో హనుమంతరావు సంఘము ఈ పనులను 500 హెక్టారుల ప్రమాణమున గ్రామస్థుల సంఘముల కప్పగింపవలెనని సూచించెను. అధికారము కాగితముపై నున్నది. గ్రామసభకు కంచ హద్దులు తెలియవు. తొలకరినుండి విత్తు రాలువఱకు పశువులను విడువక గడ్డి కోసికొనిపోవుట, పిదప వంతులవారీగా మేపుట, ఈ కట్టడులను సభయే చేయవలెను. గొఱ్ఱెల కాపరులను వెలియుంచి చేసిన కట్టడి నిలువదు.

మా పాఠకులలోఁ గొందఱు మెట్టభూములను ప్లాట్లకై అమ్మినవారు, అమ్మఁదలఁచినవారు. వారి సొంతభూమిపై మే మాజ్ఞలు చేయము. ఇరుగుననున్న కంచ గుంటెడైనను అందుఁ గలియలేదని, వాగుదారి పూడలేదని సర్వే పటముతో గ్రామసభ యెదుటఁ జూపుఁడని మాత్ర మడుగుచున్నాము. వచ్చు తొలకరికి ముందే యా పటములు పంచాయతీ కచ్చేరి గోడపై వ్రేలాడవలెను.