‘3+’ అని ఉంటే సరిపోతుందా?

‘‘క్రికెట్ ఆటే కదా సార్! తుపాకులు, రక్తం ఏమీ లేవు కదా!’’ ఓపీలో తల్లిదండ్రులు నాతో తరచుగా అనే మాట ఇది. కుప్పం, పుంగనూరుల్లో పనిచేసినప్పుడూ విన్నాను, ఇప్పుడు మదనపల్లెలోనూ వింటున్నాను. తలనొప్పి అనో, పొద్దున లేవడం లేదనో పిల్లల్ని తీసుకొస్తారు. రాత్రి ఎన్నింటికి పడుకుంటాడని అడిగితే అప్పుడు ఫోన్ సంగతి బయటికొస్తుంది.

వాళ్లను తప్పుపట్టలేను. నేనూ అదే పొరపాటు చేశాను. మా అబ్బాయికి పదేళ్లప్పుడు ఒక క్రికెట్ గేమ్ కావాలన్నాడు. ‘3+’ అని ఉండటం చూసి నేనే నా ఫోన్‌లో వేసిచ్చాను. నెల తిరక్కముందే ఆటగాళ్ల ‘ప్యాక్’లు కొనేశాడు. డబ్బు పోయినందుకంటే వాడు చెప్పిన కారణం విని ఎక్కువ భయపడ్డాను. ‘‘ఈసారైనా మంచి ప్లేయర్ వస్తాడేమో అనుకున్నా నాన్నా’’ అన్నాడు. లాటరీ టికెట్ కొనేవాడూ అదే అంటాడు.

ఆ అంకె ప్రధానంగా చెప్పేది హింస, అసభ్యత, బూతులు ఉన్నాయా లేవా అన్నదే. ఆట పిల్లాణ్ని ఎంతసేపు కూర్చోబెడుతుందో చెప్పదు. యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయన్న సంగతి పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం దాన్ని చదవం.

ఏముందో తెలియకుండా డబ్బుకు అమ్మే ఇలాంటి ప్యాక్‌లు తమ చట్టం ప్రకారం జూదమేనని 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ తేల్చింది. దాంతో 2019లో అక్కడ ఫిఫా ఫుట్‌బాల్ ఆటలో పాయింట్ల అమ్మకం ఆగిపోయింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ప్యాక్‌లో వచ్చేది డబ్బు కాదు, తెర మీద బొమ్మ. కాబట్టి ఆ చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు.

మరి మంచి ఆట ఏదో ఎలా తెలుస్తుంది? పిల్లలకు ఇచ్చే ముందు రెండు మూడు రోజులు మీరే ఆడండి. ఈ నాలుగూ గమనించండి.

డబ్బు: కొనకుండా గెలవడం సాధ్యమేనా? ప్రతి ఓటమి తర్వాత కొనమంటుందా?

ఆపడం: అయిదు ఓవర్ల మ్యాచ్ అయ్యాక హాయిగా పక్కన పెట్టగలమా? ‘ఈరోజు రాకపోతే బహుమతి పోతుంది’ అని పిలుస్తూనే ఉంటుందా?

అపరిచితులు: తెలియనివాళ్లు పిల్లలకు మెసేజ్ పెట్టే వీలుందా?

ప్రకటనలు: మధ్యలో బెట్టింగ్ యాప్‌లు కనిపిస్తున్నాయా?

నెట్ లేకుండా, కొనుగోళ్లు లేకుండా, మ్యాచ్‌తో ముగిసే ఆటైతే నాకు అభ్యంతరం లేదు. క్రికెట్ నిబంధనలు తెలుసుకోవడానికి అది పనికొస్తుంది కూడా. అయినా ఫోన్‌లో కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టండి, యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి.

సమయం సంగతీ చూడాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ఫోన్ ఆటలు వద్దేవద్దు. అయిదేళ్ల వరకు రోజుకు గంట మించకూడదని, అయిదు నుంచి పదేళ్ల పిల్లలకు రెండు గంటల లోపే ఉండాలని భారత పిల్లల వైద్యుల సంఘం సూచించింది. అది టీవీతో కలిపి. ఇక ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే అదే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం... ఈ మూడూ దీర్ఘకాలం, సాధారణంగా ఏడాది పాటు, ఉంటే ‘గేమింగ్ డిజార్డర్’ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంతదాకా ఆగకండి. ఆపమంటే పిల్లాడు రోజూ ఏడ్చి గొడవ చేస్తున్నా, నిద్ర తగ్గినా అప్పుడే డాక్టర్‌ను కలవండి.

ఒక్క సంగతి మరవొద్దు. ఫోన్ క్రికెట్‌లో పరుగెత్తేది బొమ్మ, మన పిల్లాడు కాదు. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలి. మా వాడి ఫోన్ ఆట తీసేశాక వారం రోజులు ఇంట్లో యుద్ధమే జరిగింది. తర్వాత సాయంత్రాలు నేనే బంతి వేయడం మొదలుపెట్టాను. డ్యూటీ నుంచి వచ్చాక ఓపిక ఉండదు, నిజమే. కానీ ఫోన్ ఇచ్చింది కూడా ఆ ఓపిక లేకే కదా!